బంతి దిగేలోపు

ఆటకు నలభై రోజుల ముందు

కిందివాడ ఆటల కమిటీ వారు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు రాయమన్నారు. వచ్చే ఏడాది ఈ పని ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళకు పనికొస్తుందట. ఆ పుణ్యాత్ములెవరో గానీ, వాళ్ళకు ముందుగా నా సానుభూతి.

నా పేరు బోనెల సన్యాసమ్మ. కిందివాడ వంటశాలలో పదకొండేళ్ళుగా వడ్డన నాది. ఈ పొద్దుటి నుంచి మన జట్టుకు బ్లాకింగ్ ఇన్‌చార్జిని కూడా. మీటింగుకు వెళ్ళకపోవడమే నేను చేసిన నేరం. అంబలికి వాడే చోళ్ళ డబ్బాలో తేమ చేరిందంటే చూడ్డానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అందరూ చేతులెత్తి నన్ను ఎన్నుకుని, ఎత్తిన చేతులు దించి టీ తాగుతున్నారు.

"నూట ముప్పై మందిని ఒక్క గరిటెతో లైన్లో నిలబెడతంది, ఆరుగుర్ని ఆపలేదేటి?" అని నా పేరు చెప్పింది మా ఆడపడుచు అప్పలకొండ వదిన. మా ఆయనకు అక్క. యాభై రెండేళ్ళ మనిషి, కొంగ కాళ్ళు, కోడలి మీద లేని పెత్తనం మరదలి మీద చెయ్యడానికే పుట్టింది. జట్టులో బంతి పట్టి పరిగెత్తేది ఆవిడే. అంటే నేను కాపాడాల్సింది ఆవిడనే.

ఆట సంగతి రెండు ముక్కల్లో. చంద్రుడి మీద ఈ గుహను మూసి గాలి నింపిన మొదటి బ్యాచిలో అమెరికా వాళ్ళు కొందరు ఉండేవారు. పోతూ పోతూ కోడిగుడ్డు ఆకారం బంతులు రెండు, రూళ్ళ పుస్తకం ఒకటి వదిలేశారు. వాళ్ళ ఫుట్‌బాల్ మొత్తం ఆడాలంటే మూడు గంటలు కావాలి. ఆట ఆడే పెద్ద గుహకు గాలి ఎక్కించేది గంటసేపే. అందుకని మన పెద్దలు అందులో కిక్ రిటర్న్ ఒక్కటి ఉంచుకుని తక్కినది వదిలేశారు. అవతలి జట్టు బంతిని ఎత్తుగా తన్ని, ఆరుగురూ మన మీదికి దూసుకొస్తారు. మనలో ఒకరు బంతి పట్టి ఎదురు పరిగెత్తాలి. మిగతా ఐదుగురూ ఆ ఆరుగురికి అడ్డుపడాలి. పట్టి పడేసేలోపు ఎన్ని అడుగులు ముందుకెళితే అన్ని పాయింట్లు. ఏడేసి తన్నులు.

పోయిన ఏడాది, గుహ అటు చివర ఉండే మీదివాడకు రెండొందల పన్నెండు. మనకు పంతొమ్మిది.

ఆటకు ముప్పై ఎనిమిది రోజుల ముందు

మొదటి ప్రాక్టీసు. తొమ్మిదేళ్ళుగా ఓడిపోతున్న మన పద్ధతి పేరు 'గోడ'. ఐదుగురు వరసగా వదిన ముందు నిలబడి కళ్ళు మూసుకోవడం. కళ్ళు మూసుకోవడం పద్ధతిలో లేదు గానీ అందరూ అదే చేస్తారు.

మీదివాడ వేషానికి బట్టలుతికే సెక్షన్ నుంచి ఆరుగుర్ని అరువు తెచ్చాను. ఇక్కడ చంద్రుడి మీద మనిషికి భూమ్మీది బరువులో ఆరో వంతే. నేల మీద పాదానికి పట్టు కూడా అంతే. ఎదురొచ్చి గుద్దేవాడి జోరు మాత్రం ఏమీ తగ్గదు. ఈ ముక్క పుస్తకాల్లో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. మా ఆయన గవరయ్య పొట్టకు ఉతుకుల సెక్షన్ పెద్దాయన భుజం తగిలి, ఆయన అలా వెనక్కి తేలిపోతుంటే అర్థమైంది. పదకొండు అడుగుల అవతల, మైదానం అంచున కట్టిన వల దగ్గర కూలబడి, ఊపిరి తీసుకుని, నన్ను అడిగిన మొదటి మాట, "ఈ పూట కూరేటి?"

గోడలో మిగిలినవాళ్ళు వదిన మీద పడ్డారు. కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"నన్ను కాపాడమన్నాను గానీ, కప్పీమన్నానేటర్రా?"

ఒక్క అడుగు కూడా రాలేదు. మైనస్ రెండు.

ఆటకు ముప్పై ఒక్క రోజుల ముందు

ఈ రోజు ఎండబిళ్ళలు చూసే రోజు. బయట పనికి పోయేవాళ్ళ ఛాతీ మీద ఉండే బిళ్ళ, సూర్యుడి దెబ్బ తగిలేకొద్దీ నల్లబడుతూ పోతుంది. నలుపు ఎర్ర గీత దాటిందంటే ఆ మనిషిని తర్వాతి ఓడలో భూమికి పంపేస్తారు. అది కిందివాడ రూలు కాదు, భూమి నుంచి వచ్చిన రూలు.

డాక్టర్ నజీమా అందరివీ చూసి, వదిన బిళ్ళ దగ్గర ఆగిపోయారు. రెండోసారి దీపం దగ్గర పెట్టి చూశారు. నలుపుకూ గీతకూ మధ్య గోటి మందం ఖాళీ ఉంది.

"అప్పలకొండ గారూ, ఇంకో ఏడాది దుమ్ము డ్యూటీ చేస్తే మీరు దాటిపోతారు," అన్నారు డాక్టరు గారు. "ఇరవై ఆరేళ్ళు ఇక్కడున్న ఎముకలు మీవి. అక్కడ మీ ఒంటి బరువు ఆరింతలవుతుంది. నిలబడలేరు. గుండె కూడా ఎన్నాళ్ళు మోస్తుందో నేను చెప్పలేను."

"నలుపు నాకు నప్పుతాది లెండి," అంది వదిన. బిళ్ళ మళ్ళీ తగిలించుకుని అంబలి లైన్లోకి వచ్చేసింది.

బయట ఎండ పలకల మీద దుమ్ము పేరుకుంటే మనకు కరెంటు ఉండదు. ఆ దుమ్ము దులిపే బ్రష్షు బండి ఏడాది పొడుగునా నడపాల్సింది ఆటలో ఓడిన వాడ. తొమ్మిదేళ్ళుగా అది మనమే. మనలో బండి నడపడం వచ్చినవాళ్ళు నలుగురు. ఇద్దరు ఇప్పటికే గీతకు ఆనుకుని ఇంటి పట్టున ఉన్నారు. మూడో ఆమె పారమ్మ ఆరు నెలల పసిదానికి పాలిస్తోంది. నాలుగో మనిషి వదిన. మీదివాడలో బిళ్ళలు తెల్లగా మెరిసే కుర్రాళ్ళు అరవై మంది ఉన్నారు. ఏడాదికొక వాడ చొప్పున పంచుకుందామని ఎప్పుడో వాళ్ళే అడిగారట. ఆటలో తేల్చుకుందామని పట్టుబట్టింది మన పెద్దలట. ఆ రోజుల్లో గెలిచేది మనమేనట. వాళ్ళ తెలివితేటలకు నా నమస్కారాలు.

వదిన గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చేసరికి నా చేతిలో గరిటె జారింది. ఇక్కడ ఏదైనా నింపాదిగా పడుతుంది. అది నేలకు చేరేలోపు నేను మొహం సర్దుకున్నాను.

"ఒలే సన్నాసీ," అంది వదిన, నా మొహం వంక చూడకుండా గిన్నెలోకి చూస్తూ. "నా మీద బెంగతో నీళ్ళెక్కువ పోసీసినావేటి అంబలిలో?"

ఆటకు ఇరవై ఏడు రోజుల ముందు

గోడ పోయింది. ఈసారి 'మనిషికి మనిషి'. ఒక్కొక్కరూ ఒక్కొక్కరిని ఎంచుకుని ఛాతీకి ఛాతీ ఆనించి ఆపడం. రూళ్ళ పుస్తకంలో బొమ్మలు కూడా ఉన్నాయి. బొమ్మల్లో అందరూ నేల మీద నిలబడే ఉన్నారు.

మనవాళ్ళు ఐదుగురూ ఐదు దిక్కులకు తేలిపోయారు. ఆరోవాడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి వదిన నడుము పట్టుకుని, "క్షమించండి పిన్నీ," అని పడేశాడు. బట్టలుతికే సెక్షన్ వాళ్ళకు మర్యాద ఎక్కువ.

ఇంకేం చెయ్యాలో తోచక రూళ్ళు మొదట్నుంచీ చదివాను. వెనక నుంచి తోయకూడదు. బట్ట పట్టి లాగకూడదు. నడుం కింద తగలకూడదు. ఇద్దరికి మించి చేతులు కలిపి గుంపు కట్టకూడదు. బంతి పట్టేవాళ్ళు చెయ్యి పైకెత్తి ఊపితే వాళ్ళ జోలికి ఎవరూ రాకూడదు, కానీ వాళ్ళూ పరిగెత్తకూడదు. చెయ్యకూడనివి తొమ్మిది పేజీలు. చెయ్యాల్సినవి ఒక్క పేరా.

మధ్యాహ్నం హార్లన్ వచ్చాడు. మీదివాడ కెప్టెన్. తలుపులో పట్టని మనిషి. బుధవారం బుధవారం మన అంబలి కోసం గుహ అటు చివర నుంచి ఇటు చివరకు నడిచి వస్తాడు. తెలుగు అంతా మన వంటశాల లైన్లోనే నేర్చుకున్నాడు కాబట్టి అతనికి తిండి తెలుగు బాగా వచ్చు.

"అక్కా, ఈసారి మీరు ఇన్‌చార్జి అంట?" అని మూడో గిన్నె చాపాడు. "గోడా? జంటలా? ఎలా నిలబడినా పర్లేదు. నేను ఒకసారి పరుగు మొదలెడితే నాకే ఆగడం రాదు."

గొప్పగా చెప్పుకున్నాడు. నేను మాత్రం ఉల్లిపాయ ముక్కలు రెండు తగ్గించి వేశాను.

ఆటకు పంతొమ్మిది రోజుల ముందు

ఈ రోజు బెల్లం వడ్డించిన రోజు. మూడు నెలలకోసారి ఓడలో వస్తుంది, మనిషికొక చిన్న ముక్క. తలుపు తీయగానే నూట ముప్పై మంది ఒక్కసారే వస్తారు. లైనూ లేదు, గీనూ లేదు.

కొత్తగా వడ్డనకు వచ్చిన కామేశు నా పక్కన నిలబడి ఉన్నాడు. జనం రావడం చూసి, చేతులు బార్లా చాపి బల్ల ముందుకు వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. క్షణంలో అతనూ, బల్లా, బెల్లం బుట్టా వెనక గోడకు చేరాయి.

నేను పదకొండేళ్ళుగా చేసే పని అలవాటుగా చేశాను. గుంపుకు ఎదురెళ్ళలేదు. పక్కకు జరిగి, ముందు వస్తున్న వెంకునాయుడు ఎడమకు ఒరిగి వస్తున్నాడు కదా అని, అతని పక్కనే నాలుగడుగులు పరిగెత్తి, నా భుజం అతని భుజానికి ఆనించి, "ఇటు రండి, ఇటు ఖాళీగా ఉంది," అన్నాను. అతను ఎడమకే పోయాడు. పోదామనుకున్న దానికంటే పది అడుగులు ఎక్కువ పోయాడు. నీళ్ళ కుళాయి దగ్గర గానీ ఆగలేదు. ఆగి, తిరిగి, మళ్ళీ రావడానికి అతనికి పట్టిన సమయంలో పదిహేను మందికి వడ్డించేశాను.

అప్పుడు వెలిగింది నాకు. ఇక్కడ పరిగెత్తడం తేలిక. ఆగడం కష్టం, తిరగడం ఇంకా కష్టం. నేల కాలిని పట్టుకోదు. ఆ ఆరుగురినీ ఆపాల్సిన పనేముంది? వాళ్ళు ఎటు ఒరిగి వస్తున్నారో అటే, ఇంకాస్త దూరం, మర్యాదగా పంపిస్తే చాలు. ఇంటికొచ్చిన చుట్టం ఎంతకీ లేవకపోతే ఏం చేస్తాం? చెయ్యి పట్టి గెంటం కదా. "అలా వీధి చివరిదాకా వస్తాను పదండి," అని మనమే చెప్పులేసుకుంటాం.

దీనికి 'సాగనంపుడు' అని పేరు పెట్టాను. వదినకు చెప్పాను. ఆవిడ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని చివరిదాకా విన్నది.

"బాగున్నాది," అంది. "నన్ను ఈ ఇంటి నుంచి సాగనంపడానికి ఇరవయ్యేళ్ళుగా చూస్తన్నావు కదా. అలవాటైన పనే."

ఆటకు పన్నెండు రోజుల ముందు

సాగనంపుడు పని చేస్తోంది. అన్నిసార్లూ కాదు.

చిక్కంతా ఎప్పుడు మొదలెట్టాలన్న దగ్గరే. మంచి తన్ను తంతే బంతి పైకి పోయి దిగడానికి పద్నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సమయం పడుతుంది. మరీ ముందే భుజం ఆనిస్తే, అవతలివాడికి తిరిగొచ్చే వ్యవధి దొరుకుతుంది. ఆలస్యం చేస్తే వాడు వదిన మీద ఉంటాడు. ఏడు దగ్గర ప్రయత్నించాం, తిరిగొచ్చారు. పదకొండు దగ్గర ప్రయత్నించాం, వదినను పడేశారు. తొమ్మిది దగ్గర కుదిరింది. బంతి పైకంటా పోయి, కిందికి జోరందుకునే సమయం అది.

అందుకని ఐదుగురం, ఇప్పుడు వాళ్ళలో నేనూ ఒకదాన్ని, గట్టిగా లెక్కపెడతాం. ఎనిమిది దాకా ఊరికే వాళ్ళకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తాం, అడ్డుకుంటామని భయపెడుతున్నట్టు. ఆ భయంతో వాళ్ళు ఏదో ఒక పక్కకు ఒరుగుతారు. తొమ్మిది అనగానే ఆ పక్కకే తిరిగి, వాళ్ళతో పాటే పరుగు. భుజానికి భుజం. వీపు మీద చెయ్యి పడకూడదు, చొక్కా పట్టకూడదు. ఖాళీ అయిన రెండో పక్క నుంచి వదిన పరుగు.

మా ఆయన ఈ పనికి పుట్టినట్టున్నాడు. పాతికేళ్ళుగా నేను ఎటు చెబితే అటే వచ్చే మనిషికి, ఇంకొకరితో కలిసి నడవడం కష్టమా? మొదటిసారి ఉతుకుల పెద్దాయన్ని వల దాకా దిగబెట్టి వచ్చాడు. ఇద్దరూ దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఏటయ్యా అంత కబుర్లు?" అని అడిగాను.

"కూరేటని," అన్నాడు.

వదిన ఇరవై తొమ్మిది అడుగులు పోయింది. పోయి, ఆగడం రాక, అటు చివర వలలో చిక్కుకుని, మేం విప్పేదాకా నన్ను తిడుతూనే ఉంది.

ఆటకు మూడు రోజుల ముందు

మధ్యాహ్నం వడ్డన అయ్యాక వదినా నేనూ గిన్నెలు తుడుస్తున్నాం. ఓడిపోతే ఏమవుతుందన్న మాట ఈ నెలలో ఎవరం ఎత్తలేదు. ఎత్తబోతే ఆవిడ ఏదో ఒకటి అని నవ్వించేస్తుంది. ఈ రోజు నవ్వకూడదని ముందే అనుకుని అడిగాను.

"ఒదినా, నిజం చెప్పు. నీకు వెళ్ళాలని ఉందా?"

"ఎక్కడికే?"

"భూమికి. ఎప్పుడు చూసినా భీమిలి సముద్రం అంటావు. ఆ గాలి అంటావు. వెళ్ళాలని మనసులో ఉంటే చెప్పు. నేను ఊరికే నిన్ను ఆపుతున్నానేమోనని ఉంది."

ఆవిడ చేతిలో గిన్నె చాలాసేపు తుడిచింది. అది అప్పటికే ఆరిపోయింది.

"సముద్రం సూడాలనే ఉన్నాది," అంది. "పడుకుని సూడాలని నేదు."

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

"నిలబడి సూడాలి సన్నాసీ. కాళ్ళు తడుపుకుంతా. మంచం మోసుకెళ్ళి ఇసకలో దింపితే, అలలొచ్చి నన్ను సూసి పోతాయి గానీ, నాను వాటిని సూసినట్టా అది? ఇక్కడైతే ఈ వయసులో కూడా గెంతుతున్నాను. కొంగ కాళ్ళని నువ్వెక్కిరిస్తావు, అయినా గెంతుతున్నాను."

"నేనెప్పుడెక్కిరించాను?"

"ఈ పుస్తకంలో రాసినావు. సదివినాన్లే."

కమిటీ వారికి మనవి: ఈ పుస్తకం పెట్టుకోడానికి తాళం ఉన్న డబ్బా ఒకటి ఇప్పించగలరు.

ఆట రోజు

డాక్టర్ నజీమా గారే రిఫరీ. రెండు వాడల వాళ్ళకూ కట్లు కట్టేది ఆవిడే కాబట్టి ఇద్దరూ ఆవిడ మాటకు ఎదురు చెప్పరు.

ముందు మీదివాడ రిటర్నులు. ఏడింటికి నూట పద్దెనిమిది అడుగులు. పోయిన ఏడాదితో పోలిస్తే సగమే. మనవాళ్ళు ఎదురెళ్ళి గుద్దుకోవడం మానేసి పక్క నుంచి పట్టారు మరి. గెలవాలంటే నూట పంతొమ్మిది కావాలి. సమానమైతే పోయిన ఏడాది ఫలితమే నిలుస్తుందట. అదీ మన పెద్దలు పెట్టిన రూలే.

మొదటి తన్ను. బంతి గుహ కప్పు చీకట్లోకి పోయి కనపడకుండా పోయింది. ఆరుగురూ వచ్చారు. "తొమ్మిది!" అని అరిచాం. ఐదుగురం ఐదుగుర్ని తీసుకుని మర్యాదగా వెళ్ళిపోయాం. ఆరోవాడు తన ముందు ఇంత ఖాళీ ఎప్పుడూ చూడలేదు పాపం, అయోమయంగా నిలబడిపోయాడు. వదిన ఇరవై ఏడు అడుగులు పోయింది.

కిందివాడ జనానికి చప్పట్లు కొట్టడం గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. తొమ్మిదేళ్ళుగా అవసరం పడలేదు కదా.

రెండోది ముప్పై ఒకటి. మూడోది వదిన చేతుల్లోంచి జారిపోయింది, సున్నా. నాలుగోది ఇరవై నాలుగు. అప్పుడే హార్లన్ నడుం మీద చేతులు పెట్టుకుని నా వంక చూడ్డం గమనించాను. తర్వాత తన వాళ్ళను దగ్గరకు పిలిచి ఏదో చెప్పాడు.

ఐదో తన్నుకు వాళ్ళలో నలుగురు ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చారు. హార్లన్, ఇంకొకడు మాత్రం నిదానంగా, నిటారుగా, ఎటూ ఒరగకుండా నడిచొచ్చారు. ఒరగనివాణ్ణి ఎటు సాగనంపాలి? నాలుగడుగులు. ఆరో తన్ను, రెండు అడుగులు. వదిన పడ్డప్పుడు మోచేయి గీరుకుపోయింది. డాక్టరు గారు కట్టు కడుతూ, ఇంక చాలిస్తారా అని అడిగారు.

"ఎనభై ఎనిమిది," అంది వదిన. "ఇంకో ముప్పై ఒకటి కావాల. నాను లెక్క మర్సిపోనేదు."

మేం ఆరుగురం దగ్గరగా నిలబడ్డాం. నేనే ఏదో ఒకటి చెప్పాలి. మా ఆయన నా వంకే చూస్తున్నాడు. కూర సంగతి అడుగుతాడేమోనని ఒక్క క్షణం భయపడ్డాను కూడా.

"హార్లన్ నిదానంగా వస్తున్నాడు," అన్నాడాయన. "అంటే ఆలీసంగా వస్తన్నట్టే కదే."

అంతే అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన పెద్ద ఉపన్యాసం అది. నిజమే. ఆ నెమ్మదే మాకు కావలసింది. పరిగెత్తేవాణ్ణి సాగనంపాలి. నడిచొచ్చేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిస్తే చాలు.

"మీరు ముగ్గురూ మామూలుగానే," అన్నాను. "రెండోవాడు ఆయన వంతు. హార్లన్ నా వంతు. ఒదినా, నువ్వు నా కుడి పక్క నుంచి రా. నా వైపు చూడకు."

"నిన్ను సూసీదెవరే," అంది వదిన. కానీ నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది.

ఏడో తన్ను. బంతి లేచింది. ఒకటి, రెండు. నేను వెనక్కి నడవడం మానేసి హార్లన్‌కు ఎదురుగా వెళ్ళాను. తాకలేదు. మూడడుగుల దూరంలో ఆగాను. అతను కుడికి జరిగితే నేనూ జరిగాను. ఎడమకు జరిగితే ఎడమకు. ఆరు, ఏడు.

"హార్లన్ బాబూ," అన్నాను. "మోకాలి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది అక్కా," అని, జరిగాడు. నేనూ జరిగాను.

"మీ ఆవిడకు ఆవ పెట్టిన పనసకూర పంపాను, తిన్నారా?"

"బాగుంది అక్కా. కొంచెం ఘాటు." ఎనిమిది, తొమ్మిది. నా వెనక మనవాళ్ళ అరుపు, పరుగులు, ఎవరో వలకు తగిలిన చప్పుడు.

"ఘాటు ఎక్కువైందా? ఆవ కొత్తది లే. ఈసారి బెల్లం కాస్త వేసి పంపనా?"

అతను నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో అతని కళ్ళు నన్ను దాటి పైకి వెళ్ళాయి. బంతి దిగిపోయింది. వదిన పట్టేసింది.

"అక్కా, మీరు చాలా చెడ్డవాళ్ళు," అని ఒక్క ఊపున దూకాడు. నేను కదలలేదు. కదిలితే వదిన కనిపిస్తుంది. అతని ఛాతీ వచ్చి నాకు తగిలింది.

నేను లేచిపోయాను. మా ఆయన లేచినదానికంటే ఎత్తుకు లేచాను. ఆ ఎత్తు నుంచి మెల్లగా, తలకిందులుగా దిగుతూ, మొత్తం చూశాను. ఇంత బాగా ఈ ఆటను ఇప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. ముగ్గురు మీదివాడ వాళ్ళు మనవాళ్ళతో కలిసి ఎడమ వల వైపు పోతున్నారు. మా ఆయన రెండోవాడి ఎదురుగా నిలబడి చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నాడు, వాడు వింటున్నాడు. నన్ను గుద్దిన జోరుకు హార్లన్ కూడా వెనక్కి జారి మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడి పక్కన, కట్టు కట్టిన మోచేతి కింద బంతి ఇరికించుకుని, వదిన గెంతుతోంది. ఒక్కో గెంతుకు ఆరేసి అడుగులు. జుట్టు ముడి ఊడిపోయి వెనకాల తేలుతోంది. నోరు తెరుచుకుని ఉంది. అరుస్తోందో, నవ్వుతోందో నాకు వినపడలేదు.

ఇంకా దిగుతూనే ఉన్నాను. ఆరోవాడు అడ్డంగా వచ్చి చెయ్యి చాపాడు. వదిన భుజానికి తగిలింది. తూలింది. తూలుతూనే ఇంకో రెండు గెంతులు వేసి, బోర్లా పడి, బంతిని రెండు చేతులా ముందుకు చాపింది.

నా వీపు నేలకు తగిలింది.

డాక్టర్ నజీమా గారు అడుగులు కొలిచారు. ఒకసారి కొలిచి, మీదివాడ వాళ్ళు అడిగితే రెండోసారి కొలిచారు. ముప్పై నాలుగు.

హార్లన్ వెళ్ళి మాట్లాడించడం తప్పు కాదా అని ఆవిడను అడిగాడు. ఆవిడ రూళ్ళ పుస్తకం తొమ్మిది పేజీలూ తిరగేసి, "పనసకూర గురించి ఇందులో ఏమీ లేదు," అన్నారు.

వదిన నా దగ్గరకు వచ్చి నన్ను లేపింది. ఏదో ఒకటి అంటుందని ఎదురు చూశాను. నా భుజం మీద తల ఆనించి నిలబడింది. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. ఆట అయిపోయింది కాబట్టి అది ఫౌల్ కాదు.

ఆట తర్వాత ఆరో రోజు

వచ్చే ఏడాది ఇన్‌చార్జికి ఉపయోగపడే విషయాలు: సాగనంపుడు ఇంక పని చెయ్యకపోవచ్చు. మీదివాడ వాళ్ళు ఆగడం ప్రాక్టీసు చేస్తున్నారట. మీ సొంత బుర్ర వాడండి. అవతలివాడి పాదాలు చూడండి, మొహం చూడకండి. మొహం చూస్తే జాలేస్తుంది.

దుమ్ము డ్యూటీ జాబితాలో హార్లన్ తన పేరే మొదట రాసుకున్నాడు. అతని బిళ్ళ పాలపిండిలా తెల్లగా ఉంది. బ్రష్షు బండి అతనికి కొత్త కాబట్టి, వదిన లోపల వంటశాలలో మైకు ముందు కూర్చుని చెబుతోంది, అతను బయట నడుపుతున్నాడు. ఈ రోజు మొదటిసారి.

"ఎడమకు, ఎడమకు బాబూ. అది కుడి. అన్నం తినీ సెయ్యి ఏటి నీది? ఆ... ఆ సేతికి అవతలిది."

"సరే పిన్నీ."

"మెల్లగా తిప్పు. పలక గీసుకుపోతాది. అది పెనం కాదు, మాడింది గోకుతున్నట్టు గోకీయకు."

అందరం పనులు మానుకుని వింటున్నాం. పారమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చి కూర్చుంది. గంట గడిచింది, అతను ఆరు పలకలు దులిపాడు. వదిన అయితే గంటలో నలభై దులిపేది. వంటశాల దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి, పొయ్యి మీద అంబలి ఇంకా కుతకుతలాడనే లేదు.

వదిన మైకు కింద పెట్టింది. "ఇలాగైతే మీరంతా పచ్చి పిండి తాగాల," అంటూ కుర్చీలోంచి లేచింది. కళ్ళు తలుపు పక్కన వేలాడే బయటి సూట్ల మీద ఉన్నాయి. "ఒక్క గంట నాను ఎల్లి..."

"కూకో!" అన్నాం.

నేనన్నాను, మా ఆయన అన్నాడు, పారమ్మ అంది, అంబలి లైన్లో నిలబడ్డ యాభై మందీ గిన్నెలతో సహా ఇటు తిరిగి అన్నారు. మైకు తెరిచే ఉన్నట్టుంది, బయట నుంచి హార్లన్ కూడా అన్నాడు.

వదిన అందరి వంకా ఒక్కొక్కరిగా చూసింది. చివరికి నా వంక చూసింది. తర్వాత కూర్చుంది.